రింగు గుడ్డ

సల్మాబాద్‌ల కార్ల సీటుకవర్లు కుట్టే షెడ్డు.
మరమగ్గాల మోత ఇంకా దిగని చెవులు నాయి.
ఓనరు కుంజుమోన్ కొలత చెప్పిండు:
ఇటు ఇరవై అడుగులు, అటు ఇరవై,
అతుకు తగలొద్దు,
అతుకు మీద మనిషి పడతడు.

మనిషి పడేటందుకు గుడ్డ కుట్టిస్తరా ఎవలన్న?
సిరిసిల్లల మేం నేసింది ఒంటికి చుట్టుకునేటందుకు,
ఆఖరుకు మీద కప్పేటందుకు.

జపాను నుంచి వచ్చిండ్రు. ఉమినేకో కుస్తీ కంపెనీ.
ఉమినేకో అంటే సముద్రపిల్లి అట,
పిల్లి కాదు పక్షి, పిల్లి లెక్క ఒర్లుతదట.
మొదటిసారి మనామల నిలబడ జాగ లేదు.
రిఫైనరీ జపాను ఇంజనీర్లు మెడల టవాళ్లతోని,
పఠాన్ డ్రైవర్లు కుర్చీల మీదెక్కి.
మేం క్యాంపోళ్లం, తాళ్లు గుంజెటోళ్లం, రింగు కింద.
పైన పహిల్వాన్లు పడుతుంటే
మా నెత్తి మీద పలకలు ఉరిమేటియి.

నెగిషి వాళ్ల సేటు. కుస్తీ గూడ పట్టేది.
ఆయన నోట్ల ల పలకదు.
ఎల్లయ్యను ఎర్రయ్య అన్నడు.
ఎర్రయ్య మా తాత పేరు.
ఆయన తెల్వక పిలిచిండు, నేను తెలిసే పలికిన.

ఓ పొద్దుగాల ఖాళీ రింగుల నిలబెట్టి
నాకు పడుడు నేర్పిండు.
గదవ ఛాతికి ఆనియ్యి. గాలి ఇడువు.
నడుము కన్న ముందు అరచేతులు గుడ్డను కొట్టాలె.
నా కుట్టు మీద నేనే పడ్డ. అతుకు తగల్లే.

రెండో ఏడు ఇంకా పెద్ద హాలు.
మూడో ఏడు అదే హాలు, సగం.
నాలుగో ఏడు బడి ఆడిటోరియం,
పక్క గదిల పిల్లల పరీక్షలని చప్పట్లు మెల్లగ కొట్టుమన్నరు.
ఏమైందో నాకు సగమే ఎరుక.
తాబేలు ముసుగోడు ఎక్కువిచ్చే కంపెనీకి పోయిండు,
ముసుగు ఈడ్నే ఇడిసి. ముసుగు కంపెనీదట, మొకం తనదట.
అండ్ల ఇంకోన్ని దూర్చిండ్రు.
మొదటి వరసల ఓ పిల్లగాడు అరిసిండు:
వీడు తాబేలు కాదు, వీడికి మెడ పొడుగు!

ఆఖరు ఆట సిత్రాల, కార్ల షోరూం ఎనక పార్కింగుల.
ఆగస్టు. తాడు పట్టుకుంటే చెయ్యి కాలుతది.
చూసినోళ్లు ఇరవైముగ్గురు, అండ్ల పదకొండుమందిమి మేమే.
నెగిషికి యాభై ఎనిమిది.
మోకాలికి చుట్టింది మా షెడ్డుల మిగిలిన ముక్క.
రెఫరీ గుడ్డను కొట్టి లెక్కపెట్టిండు: వాన్, ట్సూ.
మూడు పడలే. సేటు భుజం లేపిండు.
మళ్ల వాన్, ట్సూ. మళ్ల లేపిండు.
ఓడేది తనేనని పొద్దుగాల నాకే చెప్పిండు,
చేతులతోని, నవ్వుకుంట.
అయినా లేపుతనే ఉన్నడు.
మీదున్న పోరడు చెవుల ఏదో బతిమిలాడుతుండు,
ఏడుస్తుండు వాడు.

హోటలోడు సామాన్లు పట్టుకున్నడు.
నాలుగు రోజులు తొమ్మిదిమంది పహిల్వాన్లు మా క్యాంపుల,
మంచాల అవతలికి కాళ్లు ఏలాడేసుకొని.
తొఫజ్జల్ చేపలు తెస్తే నేను చింతపండు పిసికిన.
నెగిషి మూడుసార్లు పెట్టించుకున్నడు, ముక్కు కారుకుంట.
పైసల మాట ఎత్తలే. నేను గూడ ఎత్తలే.
పోయేటప్పుడు నా ముంగట వంగిండు, శానసేపు.
ఏం చెయ్యాల్నో తెల్వక నేను గూడ వంగిన.
ఎవలు ముందు లేవాల్నో ఇద్దరికీ తెల్వలే.

ఎనభై నాలుగు దినార్లు రావాలె నాకు. గుడ్డ తెచ్చుకున్న.
సర్ఫుల నానబెట్టి తొక్కినం, నలుగురం.
ఒక్క నెత్తురు మరక పోలే, బొప్పాయి గింజంతది.
క్యాంపు వాకిట్ల నీడకు కట్టినం.

షమాల్ గాలి లేసిన రాత్రి
పైన ధబ్, ధబ్.
కొత్తగ దిగిన పోరగాళ్లు ఉలిక్కిపడి కూసుంటరు.
ఏం లేదు, పండుండ్రి అంట.
భుజం లేపుతుండు.